ఆరు తూటాలూ ఒకటే రకం

తూటా ఎంచుకోవడమేమిట్రా అబ్బాయ్! మా రోజుల్లో రివాల్వరుకి లైసెన్సు చేతికి రావడమే గగనం. వచ్చిందా, అది పాయింట్ 32కే వచ్చేది. దుకాణానికి వెళ్తే పాయింట్ 32కి తూటా ఒక్కటే రకం ఉండేది. సీసం గుండు, గుండ్రటి ముక్కు, ఇత్తడి తొడుగు. "ఏ రకం కావాలండీ" అని దుకాణం ఆయన అడగడు, "ఇంకేమున్నాయండీ" అని మనమూ అడగం. ఎన్ని ఇవ్వచ్చో లైసెన్సు పుస్తకంలో చూసుకుని, అన్నే లెక్కపెట్టి ఇచ్చి, అందులోనే రాసి సంతకం గిలికేవాడు. బస్సెక్కి భోజనాల వేళకి ఇంటికొచ్చేసేవాళ్ళం. ఇప్పుడు నువ్వేమో పొట్టి గొట్టం రివాల్వరుకి ఏ తూటా మంచిదో అర్ధరాత్రి దాకా ఫోనులో వెతుకుతున్నావు. నీకు లైసెన్సు లేదు, తుపాకీ లేదు, ఆమాటకొస్తే నీ మీదికొచ్చే దొంగ కూడా లేడు. తూటా మీద అభిప్రాయం మాత్రం ఉంది.

సరే, అడిగావు కాబట్టి చెబుతాను. వినే ఓపిక నీకు లేదని తెలుసు, అయినా చెబుతాను.

మాది కోరుకొండ. ఆ మాట అనగానే బయటివాళ్ళు "సైనిక్ స్కూలుంది, ఆ ఊరేనాండీ" అంటారు. కాదు. 1962లో సైనిక్ స్కూలు పెట్టింది విజయనగరం దగ్గర కోరుకొండలో. మాది రాజమండ్రి నుంచి గోకవరం పోయే దారిలో ఉన్న కోరుకొండ. మా ఊళ్ళో తుపాకీ నేర్పే బడి లేదు, కొండ మీద లక్ష్మీనరసింహస్వామి ఉన్నాడు. ఆత్మరక్షణ, ఆయుధం అంటూ కబుర్లు చెబుతావు కదా, మా స్వామి సంగతే తీసుకో. హిరణ్యకశిపుడు వరం అడిగేటప్పుడు ఆయుధాలన్నీ వరసపెట్టి చెప్పి, ఇంటా బయటా, పగలూ రాత్రీ అంటూ దారులన్నీ మూసుకున్నాడు. స్వామి దేనికీ తడుముకోలేదు, గోళ్ళతో పని కానిచ్చాడు. ఫాల్గుణంలో తీర్థానికి వచ్చి, ఆ ఆరువందల పైచిలుకు మెట్లెక్కి దణ్ణం పెట్టుకో. పైకెళ్ళేసరికి ఆయాసంతో నీకు ఏ తూటా గుర్తుండదు. నాకైతే ఈమధ్య సగం మెట్ల దగ్గరే అన్నీ మరుపొస్తున్నాయి, అది వేరే సంగతి.

మా ఇంట్లో రివాల్వరు పెదనాన్నగారిది. ఆయన గ్రామ మునసబు. 1984లో రామారావుగారు మునసబులనీ కరణాలనీ ఒక్క కలంపోటుతో తీసేసేదాకా ఊళ్ళో శిస్తు వసూలంతా ఆయన చేతి మీదే జరిగేది. ఆ డబ్బు ఇంట్లో ఉండేది కాబట్టి రివాల్వరు కావాలని అర్జీ పెట్టుకున్నారు. అప్పుడు జిల్లా కచేరీ కాకినాడలో. అర్జీ అక్కణ్ణుంచి తాలూకాకి, తాలూకా నుంచి ఠాణాకి, ఠాణా నుంచి మళ్ళీ పైకి తిరిగేది. హెడ్డుగారు మా అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, "మునసబుగారి నడవడిక మంచిదేనా" అని మునసబుగారినే అడిగి రాసుకునేవాడు. అదీ విచారణంటే! ఇప్పుడు ఆన్‌లైన్లో అర్జీ, వేలిముద్ర, ప్రతి లైసెన్సుదారుకీ దేశమంతటికీ చెల్లే ఒక నంబరు, తుపాకీ పట్టుకోవడం నేర్చుకున్నట్టు ఒక సర్టిఫికెట్టు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టి కచేరీని రాజమండ్రికి, మా గుమ్మం ముందుకే తెచ్చారు. దగ్గరైంది కదా అంటావు. ఏం దగ్గర? కాకినాడ వెళ్తే ఆ వంకన కాజా తెచ్చుకునేవాళ్ళం. రాజమండ్రి నుంచి ఏం తెచ్చుకోను, రసీదు తప్ప?

ఆ రివాల్వరు ఇంగ్లండులో చేసిన వెబ్లీ. మూడంగుళాల గొట్టం, ఆరు గుళ్ళు, నడుం విరిచి తూటాలు నింపే రకం. దానికి పాయింట్ 32 తూటాయే ఎందుకంటే, పాయింట్ 38, పాయింట్ 455, తొమ్మిది మిల్లీమీటర్లు, ఇవన్నీ సర్కారు బలగాల సైజులు, జనానికి నిషేధం. సిపాయి తూటా మనకి పనికిరాకూడదు, మన తుపాకీలో వాడి తూటా పట్టకూడదు. 1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు 1878 నాటి తెల్లవాడి చట్టం. రాజ్యం మారినా సర్కారు సైజులు జనం చేతికి ఇవ్వకూడదన్న భయం మారలేదు. నువ్వు ఫోనులో చదువుతున్న ఆ పాయింట్ 38 స్పెషల్ పురాణమంతా మన దేశంలో కొనలేనివాటి గురించి. మిఠాయికొట్టు బయట నిలబడి లోపల సరుకు రుచి గురించి వాదిస్తున్నావు.

ఎనభైల మధ్యలో విదేశీ తుపాకుల దిగుమతి ఆపేశారు. దాంతో అప్పటికే దేశంలో ఉన్న వెబ్లీలకి రెక్కలొచ్చాయి. వాటి వెల విని పెదనాన్నగారు ఆ సాయంత్రం రివాల్వరుని పెట్టెలోంచి తీసి ఇనప్పెట్టెలోకి మార్చారు. అందాకా ఆయన్ని దొంగలనుంచి అది కాపాడేది, ఆ రోజు నుంచి దాన్ని దొంగలనుంచి ఆయన కాపాడుతూ వచ్చారు. తరవాత కాన్పూరు ఆయుధ కర్మాగారం అచ్చం అలాంటి రివాల్వరే పాయింట్ 32లో చేసి అమ్మింది. తూటాలు పూనా దగ్గర ఖడ్కీలో చేసేవాళ్ళు, అడుగున కె.ఎఫ్. అని ముద్ర ఉండేది. ఆ కార్ఖానా 1869 నాటిది. ఇప్పుడు దాన్ని కూడా కంపెనీ చేశారు. 2021లో ఆర్డినెన్సు ఫ్యాక్టరీ బోర్డు మొత్తాన్ని ఏడు కంపెనీలుగా చీల్చి, తుపాకీ ఒక కంపెనీకి, తూటా ఇంకో కంపెనీకి పంచారు. అన్నదమ్ములు వేరుపడ్డా పొయ్యి వేరు పెట్టుకుంటారు గానీ, కుండ ఒకరికి, మూత ఒకరికి పంచుకుంటారుట్రా?

తూటాలు ఎలా వాడాలో మాకు ఎవరూ నేర్పలేదు. ఏడాదికోసారి దసరాకి ఇనప్పెట్టె తెరుచుకునేది. పీట మీద పట్టుబట్ట పరిచి, కొడవలి, గొడ్డలి, పొలం కొలిచే గొలుసు, వాటి మధ్య రివాల్వరు, దాని చుట్టూ ఆరు తూటాలు పేర్చి, అన్నిటికీ పసుపు, కుంకుమ. పెదనాన్నగారు తుప్పు పట్టకుండా తూటాలకి కొబ్బరినూనె కూడా రాసేవారు, మెరుస్తూ ఉండేవి. అలా ఎన్ని దసరాలు గడిచాయో. ఒక ఏడాది పూజయ్యాక, పొలం గట్టు మీద తాటిమొద్దుకి గురిపెట్టి పరీక్ష చేద్దామన్నారు. ఊరి కుర్రాళ్ళంతా చెవులు మూసుకుని నిలబడ్డారు. రెండు పేలాయి. మిగతా నాలుగూ టక్కుమని ఊరుకున్నాయి. తాటిమొద్దుకి గీతైనా పడలేదు. "స్వామికి ఇష్టం లేదు" అని చెప్పి ఇంటికొచ్చి బూరెలు తిన్నారు. కొబ్బరినూనె తూటా అడుగునుండే మందుబిళ్ళలోకి ఇంకి దాన్ని చంపేస్తుందని ఈమధ్య మా మనవడు చెప్పాడు. నూనె దేవుడికి పెట్టాలి గానీ తూటాకి కాదట. వాడు చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఆ నూనె వల్లే కదా మా ఇంట్లో ఎవరూ ఎవర్నీ కాల్చకుండా బతికారు!

పన్నెండు బోరు జోడుగొట్టాల తుపాకీ సంగతి వేరు. అది పంట కాపలాకి. ఏజెన్సీ కొండల వైపునుంచి అడవిపందులు దిగి చెరకులో పడితే తెల్లారేసరికి తోట తోటంతా పడుకునేది. దానికి ఎలీ కైనాక్ తూటాలని తెల్లవాళ్ళ సరుకు వచ్చేది, తరవాత మన ఖడ్కీ శక్తిమాన్ వచ్చింది. అట్ట తొడుగు తూటాలైతే మన గోదారి వానాకాలానికి చెమ్మ పీల్చి ఉబ్బి గొట్టంలో దిగేవి కావు. వాటిని బియ్యం డబ్బాలో దాచేవాళ్ళం. మా పెద్దమ్మగారు అత్తెసరు పెట్టబోతూ శేరుతో ముంచితే ఓసారి బియ్యంతోపాటు ఎల్.జి. తూటా వచ్చింది. పందికి ఎల్.జి., అంతకన్నా చిన్నదానికి ఎస్.జి., పిట్టలకి నాలుగో నంబరు రవ్వ. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి ఆ వేటలన్నీ ముగిసిపోయాయి. మరి అది తూటా ఎంచుకోవడం కాదా తాతయ్యా అని అడగబోతున్నావు. నోరు మూసుకో. అది తెలివిడి. ఎంచుకోవడమంటే నువ్వు చేసేది.

తూటా విలువ తెలియాలంటే మాకు ఎగువన ఉన్న మన్యం చరిత్ర చదువు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు వరసగా మూడు ఠాణాల మీద పడి 26 తుపాకులూ రెండున్నర వేల తూటాల పైచిలుకూ పట్టుకెళ్ళాడు. ఏం తీసుకెళ్ళాడో అక్కడే రాసి సంతకం పెట్టి వెళ్ళాడని చెప్పుకుంటారు. దొంగతనానికి కూడా రసీదు ఇచ్చిన రోజులవి! అక్టోబరులో మా పొరుగునున్న అడ్డతీగల, రంపచోడవరం ఠాణాలకి వచ్చేసరికి సర్కారు జాగ్రత్తపడింది, ఆయుధాలు దొరకలేదు. రెండేళ్ళు అంత పెద్ద ప్రభుత్వాన్ని నిద్రపోనివ్వని మనిషికి ఏ రకం తూటా అన్న ప్రశ్నే లేదు. ఇంకా ఎన్ని ఉన్నాయి అన్నదొక్కటే లెక్క. ఆయన ముందు నీ ఫోను పెట్టి ఈ గొడవంతా చదివితే ఏమనేవాడో!

ఇక మా మనవడి సంగతి. డల్లాస్‌లో పుట్టి పెరిగాడు. వాడికి రెండంగుళాలైనా లేని గొట్టంతో, అయిదు గుళ్ళ రివాల్వరు ఉందిట, జేబులో పడుతుందిట. సంక్రాంతికి వచ్చి, గారెలు తింటూ నాకు పాఠం మొదలెట్టాడు. "తాతా, ఆ పొట్టి గొట్టంలో మందు పూర్తిగా కాలే లోపే గుండు బయటికొచ్చేస్తుంది. మిగిలిన మందు బయట మంటా చప్పుడూ అవుతుంది. గుండుకి వేగం తగ్గుతుంది." అయితే ఏమైందిరా అన్నాను. ముక్కులో గుంట ఉన్న తూటాలుంటాయిట, హాలో పాయింట్ అంటారట. తగిలాక పువ్వులా విచ్చుకోవాలిట. వేగం చాలకపోతే విచ్చుకోదు, బట్టల పీచు ఆ గుంటలో కూరుకుపోయి మామూలు గుండులాగే పోతుందిట. కాబట్టి పొడుగు గొట్టానికి మంచిదని పేరున్న తూటా పొట్టి గొట్టానికి మంచిదవ్వాలని లేదు. పొట్టి గొట్టాల కోసమే కొన్ని కంపెనీలు విడిగా చేస్తాయిట.

"ఇదంతా మీకెలా తెలుసురా?" అన్నాను. 1986 ఏప్రిల్లో మయామీలో దొంగలకీ ఎఫ్‌బీఐ వాళ్ళకీ కాల్పులు జరిగి ఇద్దరు ఏజెంట్లు చనిపోయారట. ఆ తరవాత వాళ్ళు తూటాలకి పరీక్ష పెట్టారు. జిలెటిన్ దిమ్మ చేసి, దానిమీద బట్ట కప్పి కాలుస్తారు. గుండు అందులో పన్నెండు అంగుళాలకి తగ్గకుండా, పద్దెనిమిదికి మించకుండా దిగాలి. తక్కువ దిగితే పని జరగదు, ఎక్కువైతే అవతల ఉన్న అమాయకుడికి తగులుతుంది. వాడి ఫోనులో ఆ దిమ్మ చూపించాడు. అచ్చం జున్నే! అడుగున్నర జున్ను చేసి, బెల్లం మిరియాలైనా వెయ్యకుండా, దానిమీద తుపాకీ కాల్చడం! ఈనిన గేదె ఉన్న ఇల్లు ఊళ్ళో ఎక్కడుందా అని వెతుక్కునే రోజులివి. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

వాడు ఇంకా వదల్లేదు. మరీ తేలిక రివాల్వరులో మరీ జోరు తూటా పెడితే, చెయ్యి ఎగిరిపోయి రెండో గుండు ఎటో పోతుందిట. ఆ కుదుపుకి లోపల మిగిలిన తూటాల గుళ్ళు ముందుకి జారి, చక్రం తిరక్కుండా బిగుసుకుపోతుందిట. అందుకని అక్కడ తెలిసినవాళ్ళు కొందరు, పూర్వం కాగితం గురికి కాల్చిన మొండిముక్కు తూటానే మళ్ళీ పట్టుకున్నారట. వాడ్‌కట్టర్ అంటారు. గుండ్రటి ముక్కు కన్నా శుభ్రంగా కోస్తుంది, దెబ్బ మెత్తగా ఉంటుంది, విచ్చుకుంటుందో లేదో అన్న బెంగ లేదు. చివరికి వాడు చెప్పింది ఏమిటంటే, "తాతా, ఏది పెట్టినా సరే, నీ రివాల్వరులో అది గురికి తగులుతుందా, నీ చెయ్యి ఆగుతుందా చూసుకోవాలి. దాంతోనే సాధన చెయ్యాలి. పాత తూటాలు మార్చేస్తూ ఉండాలి."

చూశావా? ప్రపంచమంతా చుట్టి, జున్ను మీద కాల్చి, చివరికి మెత్తటి దెబ్బ, మామూలు సీసం గుండు దగ్గరికే వచ్చారు. మేము ఎక్కడికీ వెళ్ళకుండా అక్కడే కూర్చున్నాం. కాస్త తెలియక కూర్చున్నాం, ఒప్పుకుంటాను. గుండ్రటి ముక్కుకీ మొండిముక్కుకీ ఉన్న తేడా గురించి వాడేదో ఇంకా చెప్పాడు గానీ, అది నా వాదానికి అడ్డం కాబట్టి ఇక్కడ రాయను.

పోనీ ఆ విచ్చుకునే తూటా అయినా అమెరికావాడి తెలివేనా? కాదు. కలకత్తా దగ్గర డమ్‌డమ్ కార్ఖానాలో తెల్లవాళ్ళు 1890లలో మెత్తటి ముక్కు తూటా చేసి సరిహద్దు యుద్ధాలకి పంపారు. అది ఒంట్లో చేసే పని చూసి 1899లో హేగ్‌లో చాలా దేశాలు కూర్చుని, విచ్చుకునే గుండు యుద్ధంలో వాడకూడదని తీర్మానించాయి. అయితే పోలీసువాడి లెక్క వేరు. గుండు మనిషిని దాటి పోకుండా ఉండాలని అమెరికా పోలీసులు అదే వాడతారు. అంటే సిపాయికి పాపమైంది పోలీసుకి పుణ్యం. ఇంకోటి విను. నువ్వు చప్పగా చూస్తున్న మన పాయింట్ 32 లాంగ్ తూటా 1896లో అమెరికాలోనే పుట్టింది. ఆ ఏడే న్యూయార్కు పోలీసు కమిషనరుగా ఉన్న థియొడోర్ రూజ్వెల్టు తన పోలీసులందరికీ పాయింట్ 32 కోల్ట్ రివాల్వరు ఇప్పించాడు. తరవాత ఆ దేశానికి అధ్యక్షుడయ్యాడు. పాయింట్ 38 వాడేవాడు ఏమయ్యాడో నాకు తెలీదు, మా మనవడు మాత్రం సాఫ్ట్‌వేర్ ఇంజినీరయ్యాడు.

ఇక్కడ కూడా కొత్త సరుకు లేకపోలేదు. 2014 జనవరిలో కాన్పూరు వాళ్ళు ఆడవాళ్ళ కోసమని అర కిలో బరువున్న పాయింట్ 32 రివాల్వరు తెచ్చారు. నిర్భీక్ అని పేరు, లక్షా ఇరవైవేల పైన వెల, నగల పెట్టెలాంటి దాంట్లో పెట్టి ఇచ్చారు. తరవాత పావుకిలో బరువుతో పాయింట్ 22లో నిడర్ అని ఇంకోటి. 2023లో ప్రబల్ అని మరోటి. మా వెబ్లీ కంపెనీయే ఇప్పుడు ఉత్తరప్రదేశ్‌లోని హర్దోయి జిల్లాలో దిగి పాయింట్ 32 చేస్తోందిట. తెల్లవాడు వెళ్ళిపోయాడని సంబరపడ్డాం, దుకాణం పెట్టుకోవడానికి తిరిగొచ్చాడు. ఇన్ని తుపాకులొచ్చినా తూటా దగ్గరికి వచ్చేసరికి మన దేశంలో పెద్దగా ఎంచుకునేదేమీ లేదు. కాబట్టి నీ గొడవంతా కట్టిపెట్టి, ఉన్న ఒక్కటీ చెమ్మకి దూరంగా, నూనెకి దూరంగా, పిల్లల చేతికి అందకుండా తాళంలో పెట్టడం నేర్చుకో. అది అప్పుడూ ఒకటే, ఇప్పుడూ ఒకటే.

ఇక చట్టం. అదీ నిలకడగా లేదు. 1983లో మనిషికి మూడు తుపాకులే అన్నారు, 2019లో రెండే అన్నారు. మూడేళ్ళ లైసెన్సుని అయిదేళ్ళు చేశారు. అయిదేళ్ళకోసారి వెళ్తే గుమాస్తాలు మన మొహం మర్చిపోరూ? పెళ్ళిళ్ళలో సరదాకి గాల్లోకి కాలిస్తే రెండేళ్ళ దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. ఇది మంచిదే, ఎందుకంటే పైకెళ్ళిన గుండు కింద ఎవరి నెత్తినో పడాలి కదా. కానీ మంచిదని నేనన్నట్టు ఎవరికీ చెప్పకు. ఎలక్షన్లు వస్తే రివాల్వరు తీసుకెళ్ళి ఠాణాలో అప్పజెప్పి రసీదు తెచ్చుకోవాలి. దొంగలకి మాత్రం ఎలక్షన్ కోడు వర్తించదు. ఆత్మరక్షణ హక్కు మాకు ఐపీసీ 96 నుంచి 106 దాకా కంఠతా వచ్చేది. 2024 జూలై నుంచి కొత్త సంహిత వచ్చి అది 34 నుంచి 44 అయిందిట. లోపలి విషయం పెద్దగా మారలేదు, అవసరానికి మించి బలం వాడకూడదన్నది అలాగే ఉంది. మరి నంబర్లెందుకు మార్చినట్టు? ఈ వయసులో నేను మళ్ళీ ఎక్కాలు మొదలెట్టాలా?

పెదనాన్నగారి తరవాత ఆ వెబ్లీ ఇప్పుడు నా పేరునే ఉంది. ఎందుకుంచుకున్నావు తాతయ్యా అని అడిగితే సమాధానం లేదు. అమ్ముదామంటే బోలెడు కాయితాలు, ఉంచుకుందామంటే ఇంకాసిని కాయితాలు. రాత్రిపూట చప్పుడైతే నేను ముందు వెతికేది కళ్ళజోడు, తరవాత చేతికర్ర, ఆ తరవాత ఇనప్పెట్టె తాళం. అది దొరికేసరికి దొంగ గోకవరం దాటిపోతాడు. అందుకే నీకు నిజంగా భయముంటే నా మాట విని, గుమ్మానికి గట్టి గడియ, వాకిట్లో దీపం, ఒక నాటుకుక్క పెట్టుకో. దానికి తూటా అక్కర్లేదు, గొట్టం పొడుగు చూడక్కర్లేదు, నాలుగు ముద్దలు పెడితే చాలు. ఈ మాటే మా మనవడితో అంటే, హైదరాబాదులో ఇప్పుడు కుక్కకి కూడా కార్పొరేషన్ లైసెన్సు ఉండాలని చెప్పాడు. అదీ ఆన్‌లైన్లోనేట.